పేరు పెట్టి పిలవని తోట

మేడం పోయారన్న సంగతి నాకు పేపరు చూస్తే తెలిసింది. జిల్లా పేజీలో, ఒక ఎరువుల దుకాణం ప్రారంభోత్సవం ఫోటో కింద, చెరకు శాస్త్రవేత్త కన్నుమూత అని నాలుగు వాక్యాలు వేశారు. తెగుళ్ళ మీద పనిచేశారని, రిటైరయ్యాక నిజామాబాద్‌లోనే ఉంటున్నారని రాశారు. తర్వాతి ఆదివారం ఇంకో పేపరు సాహిత్యం పేజీలో ఒక మూల చిన్న వార్త వచ్చింది. విచిత్రమైన కథలు రాసిన రచయిత్రి ఇక లేరని. అందులో చెరకు మాట లేదు. ముందటిదాంట్లో కథల మాట లేదు. రెండూ చదివినవాళ్ళు ఇద్దరు మనుషులు పోయారనుకుంటారు.

మేడం చెల్లెలికి ఫోన్ చేశాను. ఆమె ఏడవలేదు. “పొద్దుగాల చాయ ఇచ్చిన అన్నా. వాసన చూసి, ఇందుల అల్లం పాతది ఏసినవ్ అని నన్ను తిట్టింది. గిలాస కింద పెట్టింది. గంతే,” అంది.

ఆ వాసన చూడటం నాకు బాగా తెలుసు. నేను మేడం దగ్గర ఫీల్డ్ అసిస్టెంట్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. బోధన్ దారిలో చెరకు మీద పరిశోధన చేసే ఒక చిన్న క్షేత్రం ఉండేది. అందులో ఆమె తెగుళ్ళ విభాగం చూసేవారు. ఎర్రకుళ్ళు సోకిన చెరకు పైకి పచ్చగానే ఉంటుంది. గడను నిలువునా చీరితే లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్లటి అడ్డపట్టీలతో కనిపిస్తుంది. పులిసిన కల్లు వాసన వస్తుంది. మేడం చీరిన గడను ముందు ముక్కు దగ్గర పెట్టుకునేవారు, తర్వాతే కళ్ళతో చూసేవారు. అన్నం గిన్నె మూత తీసినా అంతే, కొత్త పుస్తకం తెరిచినా అంతే.

ఆమె పేరు ముందు డాక్టర్ అని ఉండటంతో ఊళ్ళలో అందరూ డాక్టరమ్మ అనేవారు. మా జీపు ఆగితే చాలు, ముసలివాళ్ళు మోకాళ్ళు పట్టుకుని వచ్చేవారు.

“నేను చెరుకు డాక్టర్ని అవ్వా. నీకు నొప్పి ఏడున్నదో చెప్పాలంటే నిలువున చీరి సూడాలె. ఒప్పుకుంటవా?”

“ఓ యమ్మో, నువ్వేం డాక్టరువే! కటికెదానివి!”

ఆమె నవ్వేవారు కాదు. ముఖం అలాగే పెట్టుకుని, జీపులోంచి తలనొప్పి బిళ్ళ తీసి చేతిలో పెట్టేవారు. ఆమె కథలు చదివిన తర్వాత నాకు ఆ ముఖం అర్థమైంది. ఎంత ఘోరమైన మాటైనా ఆమె అదే ముఖంతో రాసేవారు.

కథలు బస్సులో రాసేవారు. నిజామాబాద్ నుంచి రోజూ బోధన్ బస్సెక్కి, క్షేత్రం దగ్గర దిగేవారు. పొద్దున పోయేటప్పుడు రాసేవారు, సాయంత్రం వచ్చేటప్పుడు కొట్టేసేవారు. కండక్టరు ఆమె కోసం కిటికీ పక్క సీటు మీద తన సంచి పెట్టి ఆపేవాడు. “మేడం రాసుకుంటది, జెర జరుగుర్రి,” అని తోటి ప్రయాణికులను గదమాయించేవాడు. ఆమె ఆఫీసు లెక్కలు రాసుకుంటున్నారనుకునేవాడు పాపం. బస్సు కుదుపుకు అక్షరాలు ఎగిరిపడి ఉండేవి. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని శుభ్రప్రతి రాసే పని నాకు ఇచ్చారు. అలా నేను ఆమె కథలకు మొదటి పాఠకుణ్ణి అయ్యాను.

మొదట రాసిపెట్టిన కథ నాకిప్పటికీ గుర్తుంది. ఒక ల్యాబులో గాజు పళ్ళెంలో బూజు పెంచుతారు. ఆ బూజు పెరిగి పెరిగి ఒక పొలం పటంలాగా అవుతుంది. ఆ పొలం కోసం కొట్లాడుకుంటున్న అన్నదమ్ములు వచ్చి చూస్తారు. గట్టు ఎక్కడుందో అందులో స్పష్టంగా ఉంటుంది. కాపలా మనిషి చాయ తాగడానికి పోగానే అన్న వేలితో గట్టును కాస్త జరుపుతాడు. తమ్ముడు మళ్ళీ జరుపుతాడు. ఇంటికి పోయేసరికి ఇద్దరి వేళ్ళ మీదా పచ్చగా గట్లు మొలుస్తాయి.

ఇంకో కథ ఆమె ఇంట్లోంచి వచ్చింది. నిజామాబాద్‌లో వాళ్ళ అమ్మ, చెల్లెలు బీడీలు చేసేవారు. చిన్నప్పుడు మేడం కూడా తునికాకు కత్తిరించి, చాటలో పెట్టుకుని చేసేవారట. ఆ కథలో ఒక పిల్ల ప్రతి బీడీలో పొగాకుతోపాటు ఒక మాట పెట్టి చుడుతుంది. ఊళ్ళో మగవాళ్ళు తాగుతారు. బస్టాండులో ఒకడు దగ్గితే ఒక మాట పడుతుంది, హోటల్లో ఇంకొకడు దగ్గితే ఇంకొకటి. అన్నీ కలిపితే ఒక వాక్యం అవుతుంది. అది ఆ పిల్ల ఎవరినో అడగాలనుకున్న మాట. కాని ఊరంతా ఒకేసారి, ఒక వరసలో దగ్గరు కదా. వాక్యం ఎవరికీ వినబడదు. ఆ కథ శుభ్రప్రతి రాసిన రోజు నేను బీడీ ముట్టించలేకపోయాను.

నేనూ అప్పుడప్పుడు కథలు రాసేవాణ్ణి. కరువు, కాలువలో నీళ్ళు రాకపోవడం, ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరస, ఇవే నా కథలు. చూసింది చూసినట్టు రాసేవాణ్ణి. ఒకటి చూపించాను. మధ్యాహ్నం రొట్టె తింటూ చదివి, చెయ్యి కడుక్కొని వచ్చి అన్నారు.

“తమ్మీ, నీ కథల అందరు ఏడుస్తున్నరు. ఒక్కడన్న నవ్వితే, వాడెందుకు నవ్విండో రాయి. నేను గది సదువుత.”

“మీ కథల మనుషులు నవ్వుతరా మేడం?”

“నా కథల మనుషులు నవ్వరు. సదివేటోళ్ళు నవ్వుతరు. తర్వాత ఎందుకు నవ్వినమా అని పరేశాన్ అయితరు.”

ల్యాబులో ఆమె వేరే మనిషి. ఆలుగడ్డలు ఉడికించి, ఆ నీళ్ళతో బూజు పెంచే పళ్ళేలు పోసేవారు. పళ్ళెంలో ఉన్నదే రాయాలి. ఉండవచ్చు, అనిపిస్తున్నది అని నేను రాస్తే కొట్టేసేవారు. “నీకు అనిపించింది నాకెందుకు? కనిపించింది చెప్పు,” అనేవారు. లేనిదాన్ని అంత నమ్మకంగా రాయగల మనిషి, ఉన్నదాని విషయంలో అంత కఠినంగా ఎలా ఉండగలరో నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి అడిగాను కూడా. “ఒక్కటే పని తమ్మీ. రెండింటికీ సల్లగ ఉండాలె,” అన్నారు. అంతకంటే చెప్పలేదు.

ఇక రేడియో సంగతికి వస్తాను.

రైతుల కార్యక్రమంలో మేడం గొంతు మా ప్రాంతమంతా ఎరిగినది. ఎవరితోనూ మాట్లాడినట్టు ఉండదు, మందు సీసా మీద కాగితం చదివినట్టు ఉంటుంది. ముందు తెగులు పేరు. తర్వాత లక్షణాలు. తర్వాత ఎలా వ్యాపిస్తుంది. చివర నివారణ. ఆ గొంతు చెప్పిందని రైతులు పచ్చటి తోటలు పీకి కాల్చినవి నేను చూశాను. అంత నమ్మకం.

రేడియోవాళ్ళు ఒకసారి కథ చదవమన్నారు. మేడం అప్పుడే ఒకటి రాసి ఉన్నారు, నేను శుభ్రప్రతి చేసి ఉన్నాను. అది కథలాగా ఉండదు. తెగులు మీద బులెటిన్‌లాగా ఉంటుంది. తోటలో పలుకుడు అనే తెగులు. ఒక కోత మనిషి ఎత్తైన తోట నడుమ నిలబడి భార్యను పేరు పెట్టి పిలుస్తాడు. ఆఁ అని పలుకుతుంది. చెరకులోంచి వస్తుంది. ఇంటికి తీసుకుపోతాడు. వండుతుంది, ఊడుస్తుంది. అంతా మామూలే. ఆమె నడిచిన చోటల్లా చీమలు వరస కడతాయి, అదొక్కటే తేడా. కొన్నాళ్ళకు తోట గట్టు మీద అసలు భార్య నిలబడి ఉంటుంది. పిలుద్దామంటే ఆ పేరు అతని నోటికి రాదు. అది ఇంట్లో ఉన్నదాని పేరైపోయింది. లక్షణాలు: చీమలు. వ్యాప్తి: పిలుపు ద్వారా. నివారణ: తోటలో ఎవరినీ పేరు పెట్టి పిలవరాదు. ఇప్పటికే పిలిచి ఉంటే చేయగలిగింది లేదు.

అదే గొంతుతో చదివారు. ముందు కథ అని చెప్పారు రేడియోలో, కాని ఊళ్ళలో ముందు నుంచి విన్నదెవరు? పనిలో ఉంటారు, డాక్టరమ్మ గొంతు వినిపించగానే ట్రాన్సిస్టర్ దగ్గరికి వస్తారు. వచ్చేసరికి లక్షణాలు నడుస్తున్నాయి.

ఆ కోతల కాలంలో తోటలు మూగబోయాయి. మాకు మొదట తెలియలేదు. ఒక తోటలో కోత మనుషులు చప్పట్లు కొట్టి ఒకరినొకరు పిలుచుకుంటుంటే ఏదో ఆట అనుకున్నాను. ఇంకో తోటలో ఈలలు. మరాఠీ కోతవాళ్ళకు కూడా ఎవరో చెప్పినట్టున్నారు, వాళ్ళు కొడవలితో గడ మీద కొట్టి సైగ చేసుకుంటున్నారు. కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో ఒక పెద్దాయన మేడాన్ని ఆపి మరీ అడిగాడు.

“ఏవండీ డాక్టరు గారూ, మావాడు తోటలో ఉంటే ఫోను వచ్చిందని పిలవటానికి లేకుండా పోయిందండీ. నేనే లోపలికెళ్ళి భుజం తట్టి పిలుచుకొస్తున్నాను. దీనికేదైనా మందుందాండీ?”

మేడం నా వైపు చూశారు. నేను జీపు స్టీరింగ్ వైపు చూశాను.

ఆడవాళ్ళు మాత్రం నవ్వారు. “మేమెన్నడు మొగని పేరు పెట్టి పిలిచినం డాక్టరమ్మా? మాకేం కాదు. ఇగ మొగోళ్ళకే వచ్చింది తిప్పలు,” అంది ఒకామె. అప్పుడు మేడం కూడా నవ్వారు. జీపులో వస్తూ, “చూసినవా తమ్మీ, నేను పుట్టించిన తెగులు నాకంటె ముందు ఊర్లు తిరుగుతున్నది,” అన్నారు. ఆ మాటలో కాస్త గర్వం ఉందని నాకనిపించింది. ఏ రచయితకైనా ఉంటుంది.

ఆ ఏడాదే ఎర్రకుళ్ళు గట్టిగా వచ్చింది. బోధన్ అవతల ఒక ఊళ్ళో పటేల్ తోట విత్తనానికి పెట్టుకున్నారు. ఊరంతా వచ్చే నాటుకు దానిలోంచే గడలు తీసుకోవాలి. మేము గడలు చీరి చూశాం. కొన్నిటిలో ఉంది. ఆ విత్తనం నాటితే ఊళ్ళో ఒక్క తోట మిగలదు. మాఘం వెళ్ళాక ఒక రోజు పొద్దున ఆ మాట చెప్పడానికే పోయాం. పటేల్ ఒక గడ పట్టుకుని కిందికీ మీదికీ చూశాడు. పైకి నిగనిగలాడుతున్న తోట. చివరికి, “నాకు కనవడ్తలేదు గని, మీరు అన్నరంటే ఉన్నట్టే. రేపు పీకిస్త,” అన్నాడు. తలగుడ్డ తీసి దులుపుకొని వెళ్ళిపోయాడు.

మేము ఇంకో తోట చూసుకుని మధ్యాహ్నం తిరిగి వస్తుంటే ఊరి చివర గట్టు మీద జనం కనిపించారు. కొందరు పళ్ళేలు వాయిస్తున్నారు, కొందరు చప్పట్లు కొడుతున్నారు. గంగారాం అనే రైతు తల్లి పొద్దటి నుంచి కనబడటం లేదు. ఆమెకు మతి తప్పి ఏడాది అయింది. తోటలోకి పోతుంటే చూసినవాళ్ళున్నారు. ఏపుగా పెరిగి, గాలికి ఒరిగి, ఒకదాని మీద ఒకటి పడ్డ తోట అది. లోపలికి పోతే పక్కనున్న మనిషి కనిపించడు. ఎండ మండుతోంది. నీళ్ళు లేవు.

“పిలిచిన్రా?” అన్నారు మేడం.

“అవ్వా అని పిలుస్తున్న మేడం. పలుకుతలేదు,” అన్నాడు గంగారాం. గొంతు పోయి ఉంది.

కోడలు మేడం దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. “అవ్వా అంటే పలుకది డాక్టరమ్మా. తల్లినన్న సంగతి మరిచింది. ఈయిన్ని సూసి ఎవరు బిడ్డా నువ్వు అంటది. పేరు వెట్టి పిలిస్తెనే తిరిగి సూస్తది. ఇంట్ల నేను గట్లనే పిలుస్త. గని తోటల...”

అందరూ మేడం వైపు చూస్తున్నారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. చెప్పినట్టే చేస్తున్నాం, చూడు, అన్నట్టుంది. అక్కడున్నవాళ్ళంతా ఆమె మాట పాటిస్తూ ఒక ముసలామెను ఎండకు వదిలేసి నిలబడ్డారు.

“పేరేంది?”

కోడలు చెవిలో చెప్పింది.

మేడం గట్టు దిగి తోట అంచుకు పోయారు. ఒక గడ పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఆమె ఆలోచించింది ఏమిటో నాకు తెలియదు. పిలవడానికి ఆమెకూ భయం వేసిందని మాత్రం తెలుసు. వెనక నుంచి కూడా తెలిసింది.

“సాయవ్వా! ఓ సాయవ్వా!”

ఏమీ లేదు. ఆకు మీద ఆకు రాసుకుంటున్న చప్పుడు. మళ్ళీ పిలిచారు. ఈసారి లోపల ఎక్కడి నుంచో, “ఆఁ,” అని వచ్చింది.

జనం ఒక అడుగు వెనక్కి జరిగారు. గంగారాం కూడా.

“గది మా అవ్వ గొంతు కాదు మేడం.”

“నాలుక ఎండింది, గొంతు మారదా?” అంటూనే మేడం లోపలికి దూరారు. నేను కత్తితో ఆకు తప్పిస్తూ వెనక పోయాను. పిలుస్తూ, జవాబు వింటూ, ఆ దిక్కుకు పోయాం. సాయవ్వ పడిపోయిన గడల మీద కూర్చుని ఉంది. దాహానికి చెరకు విరిచి నములుతోంది. రసం గడ్డం మీద, మెడ మీద, కొంగు మీద కారి ఎండిపోయింది. చేతులకు, కాళ్ళకు చీమలు.

నేను మేడం ముఖం చూశాను. ఆమె దులపడం మొదలుపెట్టారు. ఎంత దులిపినా బంక మీద అవి పోలేదు. అలాగే నడిపించుకుని బయటికి తెచ్చాం.

గట్టు మీద ఎవరూ కదల్లేదు. ఒక ఆడమనిషి, “చీమలు,” అంది. అంతే. ఆ ఒక్క మాటతో జనం మధ్యలో దారి ఏర్పడింది. కోడలు బిందె ఎత్తుకుని వచ్చింది కాని, చివరి రెండడుగులు వేయలేక ఆగిపోయింది. నేనే ఆ బిందె అందుకుని ముసలామెకు తాగించాను.

“సెరుకు తిన్నది. రసం కారింది. చీమలు రావా?” అన్నారు మేడం.

పటేల్ ముందుకొచ్చాడు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. “మీరే గద డాక్టరమ్మా రేడియోల చెప్పింది? చీమలు వడ్తయని.”

“అది కథ పటేలా.”

“కథ అంటే?”

“నేను కల్పించిన.”

“అంటే అబద్ధమా?”

పటేల్ తన తోట ఉన్న దిక్కుకు చెయ్యి చూపించాడు. “మరి పొద్దుగాల మా తోటల తెగులున్నదన్నరు. నాకు కనవడలే. మీ మాట మీద పీకుతనన్న. గది సుత కల్పించిందేనా?”

నేను ఎన్నో కథలు చదివాను. మనిషిని ఇంత ఇరుకున పెట్టిన ముడి ఎక్కడా చూడలేదు. అబద్ధం అంటే ముసలామె ఇంటికి పోతుంది, కాని ఊరు ఆ విత్తనం నాటుతుంది. నిజం అంటే తోటలు బతుకుతాయి, సాయవ్వ ఈ గట్టు మీదే మిగిలిపోతుంది. రెండూ ఒకే గొంతు చెప్పింది. ఆ గొంతును సగానికి కోసి ఇది నమ్మండి, ఇది వద్దు అంటే, అప్పటికప్పుడు ఆ ఎండలో ఎవరు వింటారు? సాయవ్వ మా ఇద్దరి మధ్యన నిలబడి గడ్డం తుడుచుకుంటోంది.

మేడం కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచారు. పెట్టుకున్నారు. అప్పుడు రేడియో గొంతు వచ్చింది.

“మీరు నివారణ సగమే విన్నరు. టైం అయిపోయి మిగిలింది సదవలే. ఇప్పుడు చెప్త, ఇనుర్రి. గుర్తుపట్టే పరీక్ష ఒకటున్నది. నకలు మనిషికి చీమలు వడ్తయి. అసలు మనిషికి సుత వడ్తయి. చీమకు తేడా తెల్వది. తేడా ఒక్కటే. నకలుకు కాదనుడు రాదు. ఏది అడిగినా సరే అంటది. దానికి గిట్టనిది ఉండది. గంగారాం, మీ అవ్వ పానం పోయినా ఒప్పుకోనిది ఏదన్న అడుగు.”

శుభ్రప్రతి రాసింది నేను. ప్రతి వాక్యం నా చేత్తో రాశాను. అందులో ఈ ముక్క లేదు. అక్కడే, అప్పుడే పుట్టింది. పరీక్ష ఎలా ఉండాలో అలా ఉంది. ఎవరైనా చేయవచ్చు, అందరి ముందూ చేయవచ్చు, ఫలితం ఎటైనా రావచ్చు. ఎటైనా రావచ్చన్నదే నా భయం. సాయవ్వకు మతి లేదు. ఏమంటుందో ఎవరికి తెలుసు?

గంగారాం ఒక అడుగు ముందుకు వేసి, “అవ్వా, బువ్వ తింటవా?” అన్నాడు.

“ఊఁ,” అంది సాయవ్వ.

ఎవరో అయ్యో అన్నారు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఒప్పుకునేది కాదు,” అన్నారు మేడం. గొంతు మారలేదు. “ఒప్పుకోనిది అడుగు.”

గంగారాం తల్లి వైపు చూశాడు, తోట వైపు చూశాడు. “అవ్వా,” అన్నాడు. “ఈ చేను అమ్ముత. బేరం వచ్చింది. అమ్మాల్నా?”

సాయవ్వ చెయ్యి గడ్డం దగ్గర ఆగింది. కళ్ళు చిట్లించి అతన్ని కింది నుంచి మీదికి చూసింది.

“ఎవడ్రా నువ్వు? నా చేను అమ్మనీకి నువ్వెవడివి? నీ అయ్య జాగీరా? నా మొగడు రాళ్ళేరి చేసిన చేను గిది. కొడుకున్నడు నాకు. గంగారాం. వాడు రానియ్యి, నీ కాళ్ళిరుగ్గొడ్తడు దొంగ సచ్చినోడా!”

ఒక గడ ముక్క తీసి అతని మీదికి విసిరింది. అది అతని ఛాతీకి తగిలి కింద పడింది.

ముందు పటేల్ నవ్వాడు. తర్వాత అందరూ. గంగారాం నవ్వలేదు. “రానియ్యి అవ్వా, రానియ్యి,” అంటూ ఆమె ముందు కూర్చుని, చీమలతో సహా వీపు మీదికి ఎత్తుకున్నాడు. ఆమె అతని వీపు మీద గుద్దుతూనే ఉంది. దింపురా, నా కొడుక్కు చెప్త, అని అరుస్తూనే ఉంది. కోడలు బిందె పట్టుకుని వెనక నడిచింది. పటేల్ మర్నాడు అన్నమాట ప్రకారం తోట పీకించి కాల్చేశాడు.

తిరిగి వస్తుంటే మేడం కాలువ దగ్గర జీపు ఆపమన్నారు. దిగి ముఖం కడుక్కొని, ఒడ్డున రాయి మీద కూర్చున్నారు.

“ఊఁ అన్నప్పుడు నా పానం పోయింది తమ్మీ.”

“చేను సంగతికి సుత ఊఁ అంటే ఏం చేద్దురు మేడం?”

“తెల్వది.” కొంగుతో ముఖం తుడుచుకున్నారు. “చేయగలిగింది లేదు అని రాసిన గద చివర్ల. ఎందుకు రాసిన? ఆ మాట బాగున్నదని రాసిన. నిజమా కాదా అని సూడలే. ల్యాబుల నువ్వు గట్ల రాస్తే కొట్టేస్త కద.”

ఇద్దరం లేచి వచ్చాం.

మేడం కథలు మానేస్తారనుకున్నాను. మానలేదు. వెలుగు కథలూ మొదలుపెట్టలేదు. అవే చీకటి కథలు, అదే చల్లని ముఖం. ఆ తర్వాత శుభ్రప్రతి రాసిన వాటిలో ఒకటి గమనించాను. ప్రతి కథలోనూ ఎక్కడో ఒక చోట, కనిపించీ కనిపించకుండా, ఒక మనిషి కాదంటాడు. దాని వల్ల కథ మారదు చాలాసార్లు. బూజు పెరుగుతూనే ఉంటుంది, ఇంకో కథలో బావి మనుషుల్ని మింగుతూనే ఉంటుంది. కాని కాదన్న మనిషి ఒకరు ఉంటారు. విమర్శకులు ఎవరూ దాని గురించి రాయలేదు. రాయవలసిన అవసరం కూడా లేదు. నాకు తెలుసు అది ఎక్కడిదో.

రేడియోలో మళ్ళీ కథ చదవలేదు. తెగుళ్ళ గురించి చెబుతూనే ఉన్నారు. తోటల్లో పేర్లు మెల్లగా తిరిగి వచ్చాయి. కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ రాలేదు. ఆ రెండో నివారణ మాత్రం మేము పోని ఊళ్ళకు కూడా పోయింది. ఎవరన్నా మరీ మెత్తగా, దేనికైనా తలూపుతూ ఉంటే, “ఏందిరా, తోటల నుంచి వచ్చినవా?” అని ఆట పట్టిస్తుంటే విన్నాను. అది ఎవరు పుట్టించారో అన్నవాడికి తెలియదు. ఒక మనిషి గట్టు మీద నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకునేంతలో అల్లిన మాట ఒక ప్రాంతపు నానుడిగా మారడం నా కళ్ళతో చూశాను. నేను రాసిన కరువు కథలేవీ ఏ ఊరి నోటికీ ఎక్కలేదు. దీనికి నాకు బాధ లేదు. ఆశ్చర్యం మాత్రం ఇంకా తగ్గలేదు.

సాయవ్వ తర్వాత కొన్నాళ్ళు బతికింది. మతి ఇంకా తగ్గింది. మాట చాలావరకు పోయింది. రోజంతా గోడకు ఆనుకుని ఊరికే కూర్చునేదట. గంగారాం పొద్దుగూకే వేళ చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కొని, ఆమె ముందు కూర్చుని అడిగేవాడట, అవ్వా, చేను అమ్ముదామా అని. రోజూ అడిగేవాడట.

ఒకసారి నేనూ మేడమూ ఆ ఊరి మీదుగా వస్తున్నాం. వాళ్ళ ఇంటి సందు దగ్గరికి రాగానే, “ఇంజన్ ఆపు తమ్మీ,” అన్నారు. ఆపాను. దిగుతారేమో అనుకున్నాను. దిగలేదు. కిటికీ అంచు మీద చెయ్యి పెట్టుకుని తల కాస్త వంచారు. గోడ అవతల నుంచి సాయవ్వ గొంతు వినిపిస్తోంది. చిన్నగా అయిపోయింది కాని స్పష్టంగానే ఉంది. నా కొడుకు రానియ్యి, నీ కాళ్ళిరుగ్గొడ్తడు. నువ్వెవడివిరా నా చేను అమ్మనీకి. మధ్యమధ్య గంగారాం, సరే అవ్వా, అమ్మను, అమ్మను, అంటున్నాడు. ఆమె తిట్లు ఆగేదాకా మేడం అలాగే ఉన్నారు. వీధిలో పోయేవాళ్ళు డాక్టరమ్మ జీపు ఎందుకు ఆగిందా అని చూసుకుంటూ పోయారు.